ఐస్ షెల్ఫ్ మీద రాడార్ సర్వే: నిరుటి బాటను నమ్మకండి

2016 అక్టోబరులో అంటార్కిటికాలోని మెక్‌మర్డో షియర్ జోన్‌లో (వేర్వేరు వేగాలతో కదిలే మంచు ఒరుసుకుని నెర్రెలు విచ్చే చోటు) గోర్డన్ హామిల్టన్ నడుపుతున్న స్నోమొబైల్ మంచు నెర్రెలో పడింది. సుమారు 30 మీటర్ల లోతు. ఆయన బతకలేదు. ధ్రువాల మంచును ఏళ్లుగా చదివిన శాస్త్రవేత్త ఆయన.

మళ్లీ అంటార్కిటికా వేసవి బృందాలు బయలుదేరుతున్నాయి. చలి బట్టల సంగతి మన వాళ్లకు ఉత్తరాఖండ్‌లోని ఔలీ మంచు శిక్షణలోనే చెబుతారు. ఇక్కడ ముఖ్యంగా చెప్పేది ఒకే తప్పు గురించి: నిరుటి జీపీఎస్ గీత మీద ఈ ఏడాది బండి నడపడం.

బాట

జీపీఎస్ అంకెలు కదలవు, కింది మంచు కదులుతుంది. రాస్ ఐస్ షెల్ఫ్ (నేల మీది మంచుకు అతుక్కుని సముద్రం మీద తేలే మంచు పలక) సముద్రపు అంచు దగ్గర ఏడాదికి కిలోమీటరు దాకా జరుగుతుంది. నిరుడు గట్టిగా ఉన్న చోటికి ఈ ఏడాది వేరే మంచు వచ్చి ఉంటుంది. దక్షిణ ధ్రువానికి బాట వేసినవాళ్లు ఆ షియర్ జోన్‌లో నెర్రెలను మూసి ఉంచే మంచు కప్పులు పేల్చి, మంచుతో పూడ్చారు. పూడ్చినవి మంచుతోపాటే జరిగిపోతాయి, పక్కన కొత్తవి విచ్చుకుంటాయి. పాతిన జెండాలూ మంచుతోపాటే కదులుతాయి కదా అంటారు. నిజమే, కానీ రెండు జెండాల మధ్య కొత్త నెర్రె పుడితే జెండా చెప్పదు.

రాడార్

రాడార్ మంచులోకి తరంగాలు పంపి, లోపలి పొరలను తెర మీద చూపిస్తుంది. దాని 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా బండికి ముందు, 6 మీటర్ల బూమ్ (పొడవాటి కడ్డీ) చివర ఉండాలి. గంటకు 5 కిలోమీటర్లు దాటొద్దు. ఆ వేగంలో కూడా, తెర మీద సాఫీగా సాగే పొరలు వంగి తెగిపోవడం (అంటే ముందు నెర్రె ఉందని) చూసి ఆపడానికి మీకున్నది 4 సెకన్లే. తెర చూసే మనిషి వేరు, నడిపే మనిషి వేరు. నెర్రెను అడ్డంగానే దాటండి. దాని వెంబడి నడిస్తే బూమ్ పక్కనున్న గట్టి మంచును చూపిస్తుంటే బండి నెర్రె కప్పు మీద ఉంటుంది.

రాడార్‌తో షెల్ఫ్ మందం లెక్కించడంలో ఒక మాట: గట్టి మంచులో తరంగ వేగం నానోసెకనుకు 0.168 మీటర్లు. పైపొరల్లో గాలి ఎక్కువ, అక్కడ వేగం ఇంకా ఎక్కువ. సవరణ చేయకపోతే షెల్ఫ్ ఉన్నదానికంటే పలచగా తేలుతుంది. ఉప్పునీరు ఊరిన చోట షెల్ఫ్ అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వని మాయమవుతుంది. అడుగే లేదనుకోకండి.

ఇక మిగతావి.

ఆటుపోట్లకు షెల్ఫ్ వంగే గ్రౌండింగ్ లైన్ (మంచు నేలను వదిలి తేలడం మొదలయ్యే గీత) దగ్గర గుడారం వేయొద్దు.
కొత్తగా రాడార్ వేయకుండా పాత బాట ఎక్కొద్దు.
బండి దిగేముందు ఊచతో గుచ్చి చూడండి. తాడు కట్టుకున్నాకే దిగండి.
మబ్బు కమ్మి నీడలు పోతే ఆగిపోండి.
టైమ్ లేదని పాత గీత పట్టుకోవద్దు.
పెద్ద గాలి వీచిందా, మొన్న వేసిన బాటైనా మళ్లీ రాడార్ వేయండి.
తెర ఆగిపోయిందా, బండి ఆపండి. వచ్చిన జాడలోనే వెనక్కి రండి.