చెక్కలో స్త్రీ, చెక్కలో జింక – 4వ పాఠం: చర్మం ఆగి బొచ్చు మొదలయ్యే చోటు

ఆడమనిషీ జింకా కలిసి ఒకే ఒంటిగా ఉండే చెక్క బొమ్మ చేస్తున్నాం; పోయిన పాఠంలో దాని తల, మెడ, భుజాలు ముద్దలుగా తీసి ఆపాం. ఇప్పుడు ఆ ఆడమనిషి మెడలోకి జింకను తీసుకొస్తాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది, నిదానంగా చదవండి.

చాలామంది ఆడమనిషి ఒంటికి జింక తల తెచ్చి అతికించేస్తారు. అది ఒక బొమ్మ కాదు, రెండు బొమ్మలు. ముందు ఇద్దరికీ ఉమ్మడిగా ఏముందో వెతకండి. మనిషి మెడలో ఎముకలు ఏడే, జింక మెడలోనూ ఏడే, కాకపోతే జింకకి ఒక్కోటీ పొడవు. అందుకే మెడ పెంచాలనుకుంటే మధ్యలో సాగదీయకుండా చెవి కింద నుంచి భుజం దాకా ఉన్న వంపు మొత్తాన్నీ పెంచాలి. అసలు తేడా కాలర్‌బోన్ (మెడ కింద భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక) దగ్గరుంది. జింకకి అది లేదు, ముందుకాళ్ళు కండరాలతోనే ఒంటిని పట్టుకుని ఉంటాయి. మీరు ఆ ఎముకను ఉంచితే బొమ్మ మనిషి వైపు మొగ్గుతుంది, తీసేస్తే జింక వైపు. నేనైతే ఒక పక్క స్పష్టంగా ఉంచి రెండో పక్క భుజంలోకి కరిగించేస్తాను.

ఇక బొచ్చు. జర్మన్ శిల్పి టిల్‌మన్ రీమెన్‌ష్నైడర్ 1490-92లో లిండెన్ చెక్కలో చేసిన మగ్దలేనే మరియ (ఏసు శిష్యురాలు) విగ్రహం ఫోటో దొరికితే దగ్గర పెట్టుకోండి. ఒళ్ళంతా ఉంగరాల బొచ్చు, ముఖం, చేతులు, రొమ్ముల లాంటి చోట్లు మాత్రం నున్నగా ఉంటాయి. మొదట దానికి రంగు కూడా వెయ్యలేదు, అంటే చర్మం ఏదో బొచ్చు ఏదో ఉలి ఒక్కటే చెప్పాలి. మనకీ అదే పరీక్ష.

వెంట్రుకలతో మొదలుపెట్టకండి, అన్నీ దువ్వెనతో గీసినట్టు వస్తాయి. బొచ్చు ఎటు పారుతుందో పెన్సిల్‌తో గీసుకుని, లోతు వంపున్న 10 మి.మీ. గౌజ్‌తో (అంచు వంపుగా ఉండే ఉలి) గుత్తులు గుత్తులుగా విడదీయండి, ఒక్క వెంట్రుక కూడా లేకుండానే అది బొచ్చులా కనబడాలి. కనబడకపోతే ముందుకెళ్ళొద్దు. ఆ తర్వాతే వీ-ఉలి (అంచు V ఆకారంలో ఉండేది), అదీ ప్రతి గుత్తి మీదా కాదు. ఒక ఇబ్బంది ఉంది: గీత చెక్క నారకి ఏటవాలుగా వంగినప్పుడు వీ-ఉలి ఒక అంచు నారతో పాటు పోతుంది, రెండోది నారకి ఎదురెళ్ళి చీలుస్తుంది. దీనికి మందు పదును, పల్చటి కోత, అంతే. అయినా చీలుతుంటే ఆ అంచును మాత్రం ఎదుటి వైపు నుంచి విడిగా కోయండి.

సరిహద్దు దగ్గర గీత గీయొద్దు. చర్మం వైపు వెళ్ళేకొద్దీ ఉలి పిడిని కొద్దికొద్దిగా దించుతూ పోతే కోత తేలిపోయి దానంతటదే ఆగిపోతుంది, ఒక్కో కోత ఒక్కో చోట ఆగనివ్వండి. చర్మానికి దాదాపు చదునుగా ఉండే గౌజ్ చాలు. చెక్కడం పూర్తయ్యేదాకా సాండ్‌పేపర్ ముట్టుకోవద్దు, దాని రవ్వలు చెక్కలో ఇరుక్కుని ఉలి అంచును తినేస్తాయి.

అసలు బొమ్మ మీదకి వెళ్ళేముందు అరచేయంత పలకలు మూడు తీసుకుని ఈ సరిహద్దు ఒక్కటే చెక్కండి. దీపాన్ని పక్కన పెట్టి చూడండి, చర్మం ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించగలుగుతున్నారంటే ఇంకో పలక తీసుకోండి. చెవులు వచ్చే పాఠంలో.