క్యాంపులో కౌన్సెలింగ్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

జోర్డాన్‌లో సిరియా వాళ్లుండే జాతరీ శరణార్థి శిబిరానికో, ఇరాక్‌లో దుహోక్‌కో కౌన్సెలింగ్ పని మీద వెళ్లేవాళ్లు వీసా, ఇన్సూరెన్స్ ఎలాగూ చూసుకుంటారు. ఇక్కడ చెప్పేది, మన చేతుల్లో ఎదుటి మనిషి ఇంకోసారి దెబ్బ తినకుండా చూసుకోవడం గురించి.

అన్నిటికన్నా ముందు దుబాసీ సంగతి తేల్చుకోండి. భాష వస్తే చాలనుకుంటే పొరపాటే. సిరియా తీరప్రాంతం వాళ్లు చాలామంది 'ఖాఫ్' అక్షరాన్ని గొంతు లోపలి నుంచి గట్టిగా పలుకుతారు. సిరియాని ఏలిన అసద్ కాలంలో ఆ యాస చెవిన పడితే నిఘా పోలీసులు గుర్తొచ్చి జనం నోరు మూసుకునేవారు. దుబాసీ ఎంత మంచివాడైనా ఆ భయం ఊరికే పోదు. దుహోక్‌లో ఇంకో చిక్కు. అక్కడున్న యజీదీలు అనే మైనారిటీ మతస్థుల మాతృభాష కుర్మాంజీ, అంటే ఒక రకం కుర్దిష్. 2014 ఆగస్టులో వాళ్ల సొంత ప్రాంతం సింజార్ మీద పడ్డ ఐసిస్ ఉగ్రవాదులది ఎక్కువగా అరబ్బీ. అర్థమవుతోంది కదా అని అరబ్బీలోనే లాగించొద్దు. "ఈయన ఉంటే మీకు ఇబ్బందా?" అని అడగండి, కానీ ఆ దుబాసీ చేతే అడిగించకండి! హైదరాబాద్ వాళ్లకి ఒక మాట: ఉర్దూ వచ్చన్న ధీమా వద్దు. మనకి గరీబ్ అంటే పేదవాడు, అరబ్బీలో పరాయివాడు.

జైలు నుంచి బయటపడ్డవాళ్లకి మూసిన తలుపు, బల్ల, ఫైలు, వరస ప్రశ్నలు అంటే ఇంటరాగేషనే. తలుపు కనిపించే కుర్చీ వాళ్లకివ్వండి. ఏం రాస్తున్నారో, ఎవరు చూస్తారో ముందే చెప్పండి. పేరు బదులు కోడ్ రాయండి.

"మొదట్నుంచీ ఏం జరిగిందో చెప్పండి" అన్న మాట తొలిరోజు నోటి వెంట రాకూడదు. అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఈ తొందరే అంటాను. ఘటన జరిగిన కొత్తలో ఒక్క సిట్టింగ్‌లో అంతా చెప్పించేయడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. ఆ సంస్థ తయారుచేసిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే కౌన్సెలింగ్ పద్ధతిలో వారానికొకటి చొప్పున 5 సిట్టింగులు. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, ఎదురుగా ఉన్న సమస్యని విడగొట్టుకోవడం, మళ్లీ పనుల్లో పడటం, తోడు కూడగట్టుకోవడం నేర్పుతారు. జరిగిన ఘోరాన్ని తవ్వక్కర్లేదు. గతాన్ని వరసగా చెప్పించే నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ మంచిదే. మీ కాంట్రాక్ట్ మూడు వారాలే అయితే మాత్రం మొదలుపెట్టకండి, కట్టు సగం విప్పి వదిలేసినట్టవుతుంది.

"ఎలా ఉన్నారు" అంటే "అల్‌హమ్దులిల్లా" (దేవుడికి స్తుతి) అంటారు. ఒక్కోసారి అది మన "ఏదో ఉన్నాం" లాంటిదే, బాగున్నారని రాసేసుకోకండి. "కల్బీ మక్బూద్" అంటే గుండెని ఎవరో పిడికిట్లో బిగించినట్టుందని. దిగులే కావచ్చు. డాక్టర్ చూశాకే దిగులనండి.

2024 డిసెంబర్ 8న అసద్ ప్రభుత్వం కూలి రాజకీయ ఖైదీల్ని ఉంచిన సెద్‌నాయా జైలు తలుపులు తెరుచుకున్నా, చాలా కుటుంబాలకి తమవాళ్ల జాడ దొరకలేదు. "ఇక లేరనుకోండి" అనే హక్కు మనకి లేదు. ఈద్ వారంలో ఈ ఇళ్లకి సిట్టింగ్ వాయిదా వేయకండి. రంజాన్ రాకముందే మందుల వేళలు డాక్టర్‌తో మార్పించండి, లేకపోతే కొందరు మందే మానేస్తారు.

గాజా సంగతి వేరు. అక్కడ గాయానికి 'తర్వాత' అనేదే లేదని పాలస్తీనా సైకియాట్రిస్ట్ సమాహ్ జబ్ర్ చెబుతూ వస్తున్నారు. బాంబులు పడుతున్న చోట చప్పుడుకి ఉలిక్కిపడటం ప్రాణం కాపాడే అలవాటు. దాన్ని మాన్పించబోకండి.

మీరు తిరిగి వచ్చేసే తేదీ మొదటిరోజే వాళ్లకి చెప్పండి. మీ తర్వాత చూసే మనిషిని చివరి రెండు సిట్టింగుల్లో పక్కన కూర్చోబెట్టుకోండి.