ఏసీ వేస్తే ఎంసీబీ పడిపోతోందా? చెయ్యి పెట్టే ముందు ఇవి చూసుకోండి

పడిన ఎంసీబీని (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పదే పదే పైకి లేపకండి. ఏసీ ఆపేసి, ఐదు నిమిషాలు ఆగి ఒక్కసారి లేపి చూడండి. మళ్ళీ పడితే ఇక ఆపేయండి.

పడుతున్నది ఎంసీబీనా, టెస్ట్ బటన్ ఉండే ఆర్‌సీసీబీనా? ఆర్‌సీసీబీ అయితే కరెంటు ఎక్కడో ఎర్త్‌కి లీకవుతున్నట్టే. ఏసీ బాడీని ముట్టుకోవద్దు.

ఎప్పుడు పడుతోందో రాసుకోండి, మెకానిక్‌కి పని సగం తగ్గుతుంది. స్విచ్ వేయగానే పడితే షార్ట్ కావచ్చు. కంప్రెసర్ అందుకునేటప్పుడైతే కెపాసిటర్‌నో (కంప్రెసర్ స్టార్ట్ అవడానికి తోడ్పడే భాగం) కంప్రెసర్‌నో అనుమానించాలి. అరగంట నడిచాక పడితే దుమ్ము పట్టిన అవుట్‌డోర్ యూనిట్, లేదా లూజ్ కనెక్షన్. మా ఇంట్లో జరిగింది ఈ చివరిదే: ప్లగ్ లాగి చూస్తే ఒక పిన్ను నల్లగా మాడి, సాకెట్ ప్లాస్టిక్ కాస్త కరిగి ఉంది. గ్యాస్ అయిపోయిందేమోనని వారం రోజులు అనవసరంగా టెన్షన్ పడ్డాం.

ప్లగ్ లాగాలన్నా, ఫిల్టర్ తీయాలన్నా ముందు ఏసీ ఎంసీబీ దించి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకోండి. తడి చేతులు, ఉత్త కాళ్ళు వద్దు.

అవుట్‌డోర్ యూనిట్ మూత మాత్రం విప్పకండి. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది, గట్టిగా కొడుతుంది. పైగా అది చాలా ఇళ్ళలో బాల్కనీ బయట వేలాడుతూ ఉంటుంది.

"16 ఆంప్స్ తీసి 32 వేసేద్దాం సార్" అనే ఎలక్ట్రీషియన్‌ని ఒప్పుకోకండి. ఎంసీబీ పడదు సరే, గోడలో వైరు కాలుతుంది.