టపాలో పాస్‌పోర్టు పోతే బాధ్యత ఎవరిది, కొత్తది ఎలా తీసుకోవాలి?

పాస్‌పోర్టు ఇంట్లోనో బస్సులోనో పోగొట్టుకుంటే ఎవరినీ అనడానికి ఉండదు. అదే పాస్‌పోర్టు సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం నుంచి బయలుదేరి మీ ఇంటికి చేరకపోయినా, వీసా వేయించుకుని తిరిగి వస్తూ కొరియర్ సంచిలో కనిపించకుండా పోయినా వ్యవహారం వేరుగా ఉంటుంది. పంపినవారు పంపామంటారు, మోసినవారు ఇచ్చామంటారు, మధ్యలో మీరు మిగులుతారు. ఇలాంటప్పుడు చాలామంది కంగారులో చేసే పొరపాటు ఒకటుంది. వెంటనే పాస్‌పోర్టు వెబ్‌సైట్ తెరిచి, ‘పోయింది’ అనే కారణం ఎంచుకుని, రుసుము కట్టేస్తారు. మీ చేతికే రాని పాస్‌పోర్టును మీరే పోగొట్టుకున్నట్టు రాసి ఇస్తే, ఆ తర్వాత బాధ్యత ఇంకొకరిదని వాదించడం కష్టమవుతుంది. అందుకే డబ్బు కట్టే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటి పని: నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి

మన దేశంలో పాస్‌పోర్టులు స్పీడ్ పోస్ట్‌లో వస్తాయి. పంపిన రోజు ఫోన్‌కు వచ్చే సందేశంలో 13 అక్షరాల సంఖ్య ఉంటుంది: మొదట రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర మరో రెండు అక్షరాలు. దానిని ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే కవరు ఏ రోజు ఏ కార్యాలయంలో ఉందో కనిపిస్తుంది. సందేశం తొలగించి ఉంటే, పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో మీ ఫైలు సంఖ్య, పుట్టిన తేదీ ఇచ్చి దరఖాస్తు స్థితి చూస్తే ఆ వివరం అక్కడ దొరుకుతుంది.

అందులో కనిపించే చివరి మాటను బట్టి మీ దారి మారుతుంది. తలుపు తాళం వేసి ఉందనో, చిరునామా దొరకలేదనో రాసి ఉంటే కవరు పోలేదు, వెనక్కి వెళ్తోందని అర్థం. అది తిరిగి పాస్‌పోర్టు కార్యాలయానికే చేరుతుంది కాబట్టి గుర్తింపు పత్రం పట్టుకుని అక్కడ విచారిస్తే సరిపోతుంది. హైదరాబాద్‌లో ఈ చిక్కు తరచుగా చిరునామా వల్ల వస్తుంది. ఒకే ఇంటికి పాత మున్సిపల్ నంబరు ఒకటి, ప్లాట్ నంబరు మరొకటి, అపార్ట్‌మెంట్ పేరు ఇంకొకటి ఉంటాయి. దరఖాస్తులో ఒకటి రాసి, గోడ మీద మరొకటి ఉంటే కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ ఏం చేయగలడు? మీ పిన్‌కోడ్‌కు బట్వాడా చేసే పోస్టాఫీసుకు ఉదయాన్నే, పోస్ట్‌మ్యాన్‌లు బీటుకు బయలుదేరే ముందే వెళ్లి అడిగితే, ఫోన్‌లో పది రోజులైనా తేలనిది పది నిమిషాల్లో తేలవచ్చు.

కవరు ఒకే చోట రోజుల తరబడి ఆగినట్టు కనిపిస్తే, అది దారిలో తప్పిపోయి ఉండే అవకాశం ఎక్కువ. ‘బట్వాడా అయింది’ అని ఉండి మీకు అందకపోతే మాత్రం అన్నింటికన్నా చిక్కు అదే. పాస్‌పోర్టును దరఖాస్తుదారు చేతికే, గుర్తింపు చూసి ఇవ్వవలసి ఉంటుంది. వాచ్‌మన్ చేతికో పక్కింటివారికో ఇచ్చి ఉంటే అది బట్వాడాలో లోపమే. మా అపార్ట్‌మెంట్‌లో ఒకసారి ఒకరి కవరు నాలుగు రోజులు వాచ్‌మన్ గదిలో క్యాలెండర్ వెనక ఉండిపోయింది. కాబట్టి ఫిర్యాదుకు ముందు ఇంటి చుట్టుపక్కల ఒకసారి అడిగి చూడటం నామోషీ కాదు.

రెండో పని: ఎవరి చేతిలో ఉండగా పోయిందో కాగితం మీద పెట్టండి

1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఎప్పుడూ కేంద్ర ప్రభుత్వ ఆస్తే. మీరు దాన్ని పట్టుకునేవారు మాత్రమే. కాబట్టి ఎవరి చేతిలో పోయినా, పోయిందని తెలిసిన వెంటనే తెలియజేయడం మీ విధి. అయితే తెలియజేయడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు.

కొత్త పాస్‌పోర్టు మీకు అందకముందే పోతే, పంపినది పాస్‌పోర్టు కార్యాలయం, మోసినది తపాలా శాఖ. ఇద్దరికీ ఒకే రోజున రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫైలు సంఖ్య, స్పీడ్ పోస్ట్ సంఖ్య, ట్రాకింగ్‌లో చివరగా కనిపించిన వివరం, ఈ పాస్‌పోర్టు మీ చేతికి ఎన్నడూ రాలేదన్న స్పష్టమైన వాక్యం, ఈ నాలుగూ లేఖలో తప్పక ఉండాలి. కొత్త పాస్‌పోర్టు కోసం ఏ కారణం కింద దరఖాస్తు చేయమంటారో, రుసుము మళ్లీ కట్టాలో లేదో రాతలోనే చెప్పమని పాస్‌పోర్టు కార్యాలయాన్ని అడగండి. తపాలా శాఖకు 1800 266 6868 నంబరులోనూ, పాస్‌పోర్టు సేవకు 1800 258 1800 నంబరులోనూ ఫిర్యాదు చెప్పవచ్చు. ఫోన్‌లో చెప్పినా ఫిర్యాదు సంఖ్య తప్పక రాసుకోండి. బట్వాడా అయిందని తపాలా శాఖ అంటే, ఎవరు సంతకం చేశారో చూపే బట్వాడా పత్రం నకలు అడగండి. ఇవ్వకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం రావాలి. నా అనుభవంలో ఆ సంతకం నకలు ఒక్కటే పది ఫోన్‌లకన్నా ఎక్కువ పని చేస్తుంది.

వీసా దరఖాస్తు కేంద్రం నుంచి వస్తూ పోయినప్పుడు పరిస్థితి ఇంత తేలిక కాదు. పాస్‌పోర్టును ఇంటికి పంపమని మీరు అదనపు సేవ ఎంచుకున్నప్పుడు, కొరియర్‌కు అప్పగించాక తమకు బాధ్యత లేదని చెప్పే షరతు మీ సంతకం ఉన్న కాగితంలోనే ఉండవచ్చు. అందుకే ఆ కాగితం వెతికి చదవండి. కేంద్రం, కొరియర్ సంస్థ ఇద్దరికీ లేఖ రాయండి. ఆ వీసా ఇచ్చిన రాయబార కార్యాలయానికి కూడా తెలియజేయండి. కొత్త పాస్‌పోర్టు వచ్చినా పాత దానిలోని వీసా దానంతటది రాదు.

అమెరికాలో పుట్టిన పిల్లలకు ఆ దేశపు పాస్‌పోర్టు ఉన్న కుటుంబాలు నగరంలో చాలా ఉన్నాయి కనుక ఒక మాట. అమెరికా ప్రభుత్వం టపాలో పంపిన పాస్‌పోర్టు అందలేదని, జారీ అయిన 120 రోజుల్లోగా డీఎస్ 86 అనే ఫారంలో చెబితే మళ్లీ దరఖాస్తు, రుసుము అక్కర్లేదు. ఆ గడువు దాటితే మొదటి నుంచి చేయాలి.

మూడో పని: పోలీసులకు చెప్పడం

కొత్త పాస్‌పోర్టుకు పోలీసు రిపోర్టు కావాలి కాబట్టి మీ నివాస పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మీరు పోగొట్టుకున్నట్టు కాకుండా, ఫలానా తేదీన ఫలానా వారు పంపగా దారిలో పోయిందని రాయించండి. బట్వాడా పత్రంలో మీది కాని సంతకం ఉంటే అది పోగొట్టుకోవడం కాదు, నేరం. అప్పుడు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి. ‘మా పరిధి కాదు’ అనే జవాబుకు మీరు తలూపి వెనక్కి రానక్కర్లేదు.

నాలుగో పని: కొత్తదానికి దరఖాస్తు

పాస్‌పోర్టు కార్యాలయం జవాబు వచ్చాక, లేదా ప్రయాణం దగ్గరపడి ఇక ఆగలేని పరిస్థితిలో, పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో ‘రీ ఇష్యూ’ కింద దరఖాస్తు చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పోయినదానికి బదులుగా పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టు రుసుము 3,000 రూపాయలు, 60 పేజీలకు 3,500. తత్కాల్‌లో అదనంగా 2,000. పోలీసు రిపోర్టు, చిరునామా రుజువు, పాత పాస్‌పోర్టు నకళ్లు ఉంటే అవి, అనుబంధం ‘ఎఫ్’ నమూనాలో అఫిడవిట్ తీసుకెళ్లాలి. ఆ అఫిడవిట్‌లో ఎలా, ఎక్కడ పోయిందో రాసే చోట ఒక్క వాక్యంలో సరిపెట్టకండి. టపా సంఖ్య, తేదీలు, మీ ఫిర్యాదుల సంఖ్యలు అన్నీ రాయండి. నగరంలో నోటరీల దగ్గర ముందే అచ్చు వేసి ఉంచే అఫిడవిట్లలో ‘ప్రయాణంలో పోగొట్టుకున్నాను’ అనే మాట ఉండవచ్చు. చదవకుండా దాని మీద సంతకం పెట్టవద్దు.

అయిదో పని: డబ్బు ఎవరు ఇస్తారు

ఇక్కడ ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. స్పీడ్ పోస్ట్‌లో వస్తువు పోతే చిరకాలంగా ఉన్న నియమం, కట్టిన చార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. అది కూడా సాధారణంగా పంపినవారికే అందుతుంది. పాస్‌పోర్టు పంపినది ప్రభుత్వ కార్యాలయమే కాబట్టి మీ జేబుకు వచ్చేది పెద్దగా ఉండదు. 2024 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టం కూడా నియమాల్లో చెప్పిన మేరకు తప్ప తపాలా శాఖకు బాధ్యత లేదనే అంటోంది.

కొరియర్ సంస్థల రసీదు వెనక కూడా పరిహారానికి గరిష్ఠ పరిమితి చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంతకం చేసిన అలాంటి షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అందుకే మీరే పాస్‌పోర్టు పంపేటప్పుడు ‘విలువ లేని కాగితాలు’ అని రాయనివ్వకుండా, బీమా సదుపాయం ఉంటే తీసుకోండి. అయినా నిర్లక్ష్యం స్పష్టంగా కనిపిస్తే, అందుకు సాక్ష్యం మీ దగ్గర ఉంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. పని కాకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి, కొరియర్ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా మీరు అక్కడికి పోనక్కర్లేదు.

ఇంతా అయ్యాక ఒకనాడు ఆ పాత కవరు ఏ పోస్టాఫీసు మూలనుంచో మీ ఇంటికి వచ్చిందనుకోండి. ఆ పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకండి. పోయిందని నమోదైన పాస్‌పోర్టు సంఖ్య రద్దవుతుంది, ఇంటర్‌పోల్ 2002 నుంచి నడుపుతున్న పోయిన పత్రాల జాబితాలోకి కూడా చేరవచ్చు. శంషాబాద్‌లోనో, దిగిన దేశంలోనో ఇమ్మిగ్రేషన్ అధికారి మిమ్మల్ని ఆపేస్తారు. కవరు విప్పకుండానే, ఒక లేఖ జతచేసి, పాస్‌పోర్టు కార్యాలయంలో అప్పగించి రసీదు తీసుకోండి.