జీతం సరిపోవట్లేదా? ముందు ఏడాది స్టేట్‌మెంట్ తీయండి

లెక్క చూడమని వచ్చేవాళ్ళు సాధారణంగా ఓ కాగితం పట్టుకొస్తారు. అద్దె, పాలు, కూరగాయలు, కరెంటు, బండి ఈఎంఐ అన్నీ రాసి ఉంటాయి. కూడితే జీతం కంటే తక్కువే వస్తుంది. "మరి డబ్బు ఎటు పోతోందండీ?" అంటారు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమంటే మాత్రం మొహమాటం.

గుర్తున్న ఖర్చులు రాస్తే ఏ బడ్జెట్ అయినా బాగానే కనిపిస్తుంది. కాబట్టి లక్షణం ఏదైనా ముందు చేయాల్సింది ఒకటే. బ్యాంకు యాప్‌లో గడిచిన 12 నెలల స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేయండి. మూడు నెలలది చాలదు, ఎందుకో కింద చెబుతాను. యూపీఐ లైట్ వాడేవాళ్ళు దాని హిస్టరీ కూడా చూడాలి. లైట్‌లోకి వేసిన మొత్తమే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, టీకి బజ్జీలకు పోయిన ముప్పైలూ నలభైలూ కనిపించవు.

లక్షణం: ప్రతి నెలా 20వ తేదీకే ఖాతా ఖాళీ

కారణం దాదాపు ఎప్పుడూ చిల్లర చెల్లింపులు, మర్చిపోయిన ఆటోపేలు (ఖాతాలోంచి దానంతట అదే కట్ అయ్యే చెల్లింపులు). 15,000 లోపు ఆటోపేకి మొదట ఒకసారి ఒప్పుకుంటే చాలు, సాధారణంగా ఆ తర్వాత ఓటీపీ అడగరు. డబ్బు కట్ అయ్యే ముందు మెసేజ్ వస్తుంది, మనం చదవం. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, చూడని ఓటీటీలూ వెళ్ళని జిమ్ములూ తీసేయండి. తర్వాత వారానికింత అని వేరే ఖాతాలోకి పంపి, ఫోన్‌పే దానికే కలపండి. అంతే.

లక్షణం: కొన్ని నెలలు బాగానే మిగులుతుంది, ఉన్నట్టుండి అప్పు చేయాల్సి వస్తుంది

అందరినీ ముంచేది ఇదే. ఎవరిని అడిగినా "ఈ నెల అనుకోని ఖర్చు వచ్చిందండీ" అంటారు. ఏమిటా ఖర్చు అంటే జూన్‌లో స్కూలు ఫీజు! బడి ప్రతి జూన్‌లోనూ తెరుస్తారు కదా. దసరా, సంక్రాంతి క్యాలెండరులోనే ఉన్నాయి. బండి ఇన్సూరెన్స్ తేదీ పాలసీ కాగితం మీదే ఉంది. మాఘమాసంలో, శ్రావణంలో పెళ్ళిపిలుపులు వస్తాయి, చదివింపులు తప్పవు. వీటిలో అనుకోనిది ఒక్కటీ లేదు, నెలవారీ కాగితంలో వీటికి గడి లేదు, అంతే.

అసలు చిక్కు ఏమిటంటే, ఇది ఆ నెలతో పోదు. జూన్ ఫీజు కార్డు మీద గీకుతారు, లేదా గొలుసు బ్యాంకులో పెడతారు. జూలై నుంచి దాని వాయిదాలు మొదలవుతాయి. అవి తీరకముందే దసరా వస్తుంది. అప్పుడు నెల ఖర్చులు ఎక్కువయ్యాయనుకుని పాలు, కూరగాయల మీద పడతారు, ఇంట్లో గొడవలు. తప్పు కూరగాయలది కాదు.

స్టేట్‌మెంట్‌లో ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చే పెద్ద మొత్తాలన్నీ ఏరండి. ఒక ఇంటి లెక్క ఇలా ఉంటుందనుకుందాం: స్కూలు ఫీజు 60,000, పుస్తకాలు, యూనిఫాం 12,000, జీవిత బీమా 24,000, ఆరోగ్య బీమా 18,000, బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 5,000, ఇంటి పన్ను 4,000, దసరా 15,000, సంక్రాంతికి ఊరు 15,000, శుభకార్యాలు 21,000. మొత్తం 1,74,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 14,500. జీతం 55,000 అయితే మీరు బడ్జెట్ వేసుకోవాల్సింది 40,500 మీద. ఈ అంకె చూశాక చాలామంది కాసేపు మాట్లాడరు.

జీతం పడిన రోజే ఆ 14,500 వేరే ఖాతాలోకి ఆటోమేటిగ్గా వెళ్ళేలా పెట్టండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు, యూపీఐ వద్దు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దీని దగ్గరే చాలామంది విసిగి మానేస్తారు. ఫిబ్రవరి 1న మొదలుపెట్టారనుకోండి. జూన్ 1కి ఐదు జీతాల నుంచి 72,500 పోగవుతుంది, ఫీజుకూ పుస్తకాలకూ సరిపోతుందనుకుంటారు. కానీ మార్చిలో జీవిత బీమాకు 24,000 అందులోంచే పోతుంది. జూన్‌లో 23,500 తక్కువ పడుతుంది. అంటే పద్ధతి పనికిరాదని కాదు. మొదటి ఏడాది పన్నెండుతో భాగించకూడదు, ఆ ఖర్చుకు ఎన్ని జీతాలు మిగిలి ఉన్నాయో వాటితో భాగించాలి. అంత పక్కన పెట్టలేకపోతే ఫీజు రెండు టర్ముల్లో కడతామని స్కూల్లో ముందే అడగండి. బోనస్ వస్తే దీనికే వేయండి.

లక్షణం: క్రెడిట్ కార్డు నెలనెలా కడుతున్నా బాకీ తగ్గట్లేదు

మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే చిన్న మొత్తం మాత్రమే కడుతున్నారు. మొత్తం కట్టకపోతే కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, వడ్డీ లేని గడువు పోతుంది. బాకీ తీరేదాకా కార్డు బీరువాలో పెట్టండి. మొత్తం ఒకేసారి కట్టలేకపోతే, బ్యాంకును అడిగి తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చుకోండి.

మిగతావి

బ్యాంకు చార్జీలు కోసేస్తోందనే అనుమానం చాలామందికి ఉంటుంది. స్టేట్‌మెంట్‌లో కూడి చూడండి, ఎస్ఎంఎస్ చార్జీలతో ఇల్లు గుల్ల కాదు. పిల్లలు గేముల్లో డబ్బు పెట్టడం, తెలియని పేరుతో డబ్బు పోవడం అరుదు. అలాంటిదేమైనా కనిపిస్తే ఆ రోజే బ్యాంకుకు చెప్పండి, సైబర్ మోసమైతే 1930కి ఫోన్ చేయండి.