జాల్లో సినిమాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చూడాలి

ఇటలీ హత్యా మిస్టరీలు అనగానే చాలామంది ముందు 'సస్పీరియా' పెట్టుకుంటారు. గొప్ప సినిమానే, కానీ అది మంత్రగత్తెల కథ. నేను ప్రాణం పెట్టి చూసేవి జాల్లోలు. నల్ల గ్లవ్స్, నల్ల కోటు, కత్తి, అనుకోకుండా హత్య కంటబడిన ఒక మామూలు మనిషి. జాల్లో అంటే ఇటాలియన్‌లో పసుపు. మొండాడోరి అనే ఇటలీ ప్రచురణ సంస్థ 1929 నుంచి పసుపు అట్టలతో వేసిన క్రైమ్ నవలల నుంచి వచ్చిందా పేరు.

దారియో అర్జెంటో తొలి సినిమా 'ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్' (1970)తో మొదలుపెట్టండి. రోమ్‌లో ఉంటున్న అమెరికన్ రచయిత శామ్ ఓ రాత్రి నడిచి వెళ్తుంటాడు. ఆర్ట్ గ్యాలరీ అద్దాల వెనక ఒకామె నల్లకోటు మనిషితో పెనుగులాడుతూ కనిపిస్తుంది. పరిగెత్తుకెళ్లి రెండు గాజు తలుపుల మధ్య ఇరుక్కుపోతాడు. లోపలికి పోలేడు, బయటికి రాలేడు. పోలీసులు పాస్‌పోర్టు తీసేసుకుంటారు. తను చూసినదాంట్లో ఏదో తేడా ఉందని శామ్‌కి అనిపిస్తూనే ఉంటుంది, అదేంటో అందదు. జాల్లో ఆయువుపట్టు ఇదే. అందుకే క్లూల కోసం డైలాగులు పట్టుకుని వేలాడకండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, వెనక ఏముంది, అది చూడండి. హత్యకు చెప్పే కారణం చివర్లో ఒక్కోసారి గాల్లోంచి ఊడిపడినట్టుంటుంది. దాన్ని నేను పట్టించుకోను.

రెండోది 'డీప్ రెడ్' (1975). నాకు అన్నిటికన్నా ఇష్టం. పెట్టేముందు నిడివి చూడండి. ఇటాలియన్ వెర్షన్ రెండు గంటలు దాటుతుంది, విదేశాలకు పంపినదాంట్లో ఇరవై నిమిషాలకు పైగా కోసేశారు. పోయినవి ఎక్కువగా పియానిస్టు మార్క్‌కీ (డేవిడ్ హెమ్మింగ్స్), విలేకరి జాన్నాకీ (దారియా నికొలోది) మధ్య గిల్లికజ్జాలు. అవి లేకపోతే ఆ ఇద్దరి మీద మనకు బెంగ పుట్టదు, బెంగ లేకపోతే భయమూ ఉండదు. గ్లవ్స్ తొడుక్కున్న హంతకుడి చేతులు స్వయానా అర్జెంటోవే. గోబ్లిన్ బ్యాండ్ సంగీతం టీవీ స్పీకర్లకు ఆనదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి హత్య జరిగిన ఫ్లాట్‌లో మార్క్ కారిడార్ దాటేటప్పుడు పాజ్ చెయ్యకండి, వెనక్కి తిప్పకండి. సినిమా మొత్తం అయ్యాక అదొక్కటీ మళ్లీ చూడండి.

నోటికీ మాటకీ పొంతన కుదరడం లేదని కంగారుపడొద్దు. అప్పటి ఇటలీలో మాటలు ఎక్కువగా షూటింగ్ తర్వాతే రికార్డు చేసేవాళ్లు, నటులు తలో భాష మాట్లాడేవాళ్లు. ఇంగ్లీషూ డబ్బింగే, ఇటాలియనూ డబ్బింగే. నేను ఇటాలియన్ పెట్టుకుని సబ్‌టైటిల్స్ చదువుకుంటాను.

తర్వాత వెనక్కి, మారియో బావా దగ్గరికి వెళ్లండి. 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' (1964) రోమ్‌లోని ఒక ఫ్యాషన్ హౌస్ కథ. టైటిల్స్‌లోనే నటీనటులు బొమ్మల పక్కన బొమ్మల్లా నిలబడతారు. పాత సామాన్ల షాపులో బయటి లైటు వెలిగి ఆరుతూ, ఆకుపచ్చా ఊదారంగూ మీద పడుతుంటే ఆ ఫ్యాషన్ హౌస్ మోడల్ ఒకామె దారి వెతుక్కుంటుంది. బావా మొదట కెమెరామన్, ఆ సీను చూస్తే తెలిసిపోతుంది. టీవీలో 'వివిడ్' మోడ్, మోషన్ స్మూతింగ్ రెండూ ఆపేసి, గదిలో లైట్లు తీసేయండి. లేకపోతే ఆ నీడలన్నీ పాడవుతాయి.

లూచియో ఫుల్చి 'డోంట్ టార్చర్ ఎ డక్లింగ్' (1972) మాత్రం మనసు గట్టిగా ఉన్న రోజు చూడండి. దక్షిణ ఇటలీలో ఒక పల్లె, పైన కొత్త మోటార్‌వే, కింద పిల్లల వరుస హత్యలు. ఊరివాళ్లు మంత్రగత్తె అని ముద్రవేసిన మచారాను (ఫ్లోరిండా బోల్కన్) శ్మశానంలో గొలుసులతో కొడుతుంటే కారు రేడియోలో ప్రేమపాట వస్తుంటుంది. ఆమె పాక్కుంటూ రోడ్డు పక్కకు చేరితే కార్లు ఆగకుండా పోతాయి. ఈ జానర్‌లో ఇంత కోపంగా తీసిన సీను నాకు ఇంకోటి దొరకలేదు.

ఆడవాళ్ల మీద హింస వీటన్నిటిలో ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పను. పిల్లలు పడుకున్నాకే పెట్టండి. రక్తం పడనివాళ్లు ఆల్దో లాడో 'హూ సా హర్ డై?' (1972)తో మొదలుపెట్టినా నష్టం లేదు. మంచుపట్టిన వెనిస్, కూతుర్ని పోగొట్టుకున్న తండ్రిగా జార్జ్ లాజెన్‌బీ, హంతకుడు దగ్గరికొచ్చినప్పుడల్లా ఎన్నియో మొర్రికోనే చేయించిన పిల్లల కోరస్.