యూరప్ రైల్వే సంస్కరణలను అధ్యయనం చేయడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు ఒక మార్గదర్శిని

యూరప్ రైల్వేల మీద వ్యాసమో ప్రాజెక్టు రిపోర్టో రాయవలసి వచ్చిన విద్యార్థులు సాధారణంగా చట్టాల జాబితాతో మొదలుపెడతారు. 1991 డైరెక్టివ్ (నేటి యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలు అమలు చేయవలసిన ఆదేశం), ఆ తర్వాత 2001, 2004, 2007, 2016లలో వచ్చిన నాలుగు ప్యాకేజీలు (ఒకేసారి తెచ్చిన చట్టాల కట్టలు) అని కంఠతా పట్టి, ఆ వరుసనే కాగితం మీద పెడతారు. ఆ పద్ధతిలో తేదీలు గుర్తుంటాయి గాని, ఆ చట్టాలు ఎందుకు అవసరమయ్యాయో బోధపడదు. మన రెండు జిల్లాల్లో డిగ్రీ, ఇంజనీరింగు చదువుతున్నవారికీ, సివిల్స్‌కు సిద్ధమవుతున్నవారికీ, ఈ విషయం తెలుసుకోవాలనుకునే రైల్వే ఉద్యోగులకూ నా సలహా ఇది: ముందు ఒక సరిహద్దును ఎంచుకోండి, ఒక బండి దాన్ని దాటాలంటే ఏమేమి మారాలో రాసుకోండి, చట్టాల దగ్గరికి ఆ తర్వాతే వెళ్లండి.

పోలికకు మన లైను చాలు. విజయనగరం జంక్షన్‌లో బయలుదేరిన గూడ్సు బండి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ చేరేసరికి మూడు రాష్ట్రాల నేల మీద నడుస్తుంది. ఎక్కడా పట్టాల మధ్య దూరం (గేజ్) 1676 మి.మీ. నుంచి మారదు, పై తీగలో 25 కిలోవోల్టుల కరెంటు మారదు, ఎర్ర సిగ్నల్‌కు ఒడిశాలో మరో అర్థం ఉండదు. డివిజను, జోను మారినా నిబంధనల పుస్తకం స్వరూపం ఒకటే. ఈ ప్రయాణాన్ని మీ నోటుపుస్తకంలో ఎడమవైపు రాసుకుని, కుడివైపు వార్సా నుంచి జర్మనీ, ఫ్రాన్స్‌ల మీదుగా మాడ్రిడ్ వెళ్లే ఒక వ్యాగన్ ప్రయాణాన్ని రాయండి. పోలండ్‌లో కరెంటు 3 కిలోవోల్టుల డీసీ. జర్మనీలో 15 కిలోవోల్టుల ఏసీ, అదీ 16.7 హెర్ట్జ్. ఫ్రాన్స్‌లో దక్షిణాన పాత లైన్లలో 1.5 కిలోవోల్టుల డీసీ, ఉత్తరానా హైస్పీడు లైన్లలోనూ 25 కిలోవోల్టుల ఏసీ. స్పెయిన్ పాత లైన్లలో మళ్లీ 3 కిలోవోల్టుల డీసీ, పైగా అక్కడ గేజ్ కూడా వేరు. కరెంటు తేడాను బహుళ వోల్టేజి ఇంజన్లతో దాటవచ్చు, కాని వాటి ఖరీదు ఎక్కువ.

గేజ్ మారడమంటే ఏమిటో మన ప్రాంతంలో పెద్దవాళ్లకు అనుభవంలో తెలుసు. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే లైను 762 మి.మీ. న్యారోగేజ్‌గా ఉన్న రోజుల్లో మెయిన్‌లైను వ్యాగన్ దాని మీదికి వెళ్లలేకపోయేది. 2011లో బ్రాడ్‌గేజ్ బళ్లు నడవడం మొదలయ్యాకే ఆ అడ్డంకి తొలగింది. టెక్కలి, నౌపడ వైపు బంధువులుంటే, పాత రోజుల్లో సరుకు ఎలా మారేదో అడిగి రాసుకోండి. మీ రిపోర్టుకు అంతకంటే మంచి ఆధారం దొరకదు. స్పెయిన్ సరిహద్దులో ఇరూన్, ఆందాయ్ స్టేషన్ల దగ్గర సమస్య అదే: స్పెయిన్‌వైపు 1668 మి.మీ., ఫ్రాన్స్‌వైపు 1435 మి.మీ. అక్కడ సరుకును దించి ఎక్కిస్తారు, లేదా వ్యాగన్ ఇరుసులు మారుస్తారు. చక్రాల మధ్య దూరాన్ని సర్దుకునే తాల్గో (స్పెయిన్ కంపెనీ) ప్రయాణికుల బళ్లు 1960ల చివరి నుంచి ఉన్నాయి. స్పెయిన్ 1992లో మొదలుపెట్టిన హైస్పీడు లైన్లను 1435 మి.మీ. గేజ్‌తోనే వేసింది కాబట్టి, 2013 డిసెంబరు నుంచి బార్సిలోనా, పారిస్ మధ్య బండి మారకుండా వెళ్లడం సాధ్యమైంది. బాల్టిక్ దేశాలలో గేజ్ 1520 మి.మీ. అక్కడ టాలిన్, రీగా, కౌనాస్‌లను పోలండ్‌తో కలుపుతూ సుమారు 870 కిలోమీటర్ల రైల్ బాల్టికా లైనును 1435 మి.మీ. గేజ్‌తో కొత్తగా నిర్మిస్తున్నారు.

సరిహద్దుగా మీరు ఇరూన్‌ను తీసుకోవచ్చు, ఆస్ట్రియా–ఇటలీ మధ్యనున్న బ్రెన్నర్‌నూ తీసుకోవచ్చు. మొదటిసారి రాసేవారికి నేను బ్రెన్నర్‌నే సూచిస్తాను. అక్కడ గేజ్ ఒకటే కనుక, పట్టాలు కలిసినంత మాత్రాన రైల్వేలు కలవవని ఆ స్టేషను స్పష్టంగా చూపుతుంది. ఆస్ట్రియా కరెంటు 15 కిలోవోల్టుల ఏసీ, ఇటలీది 3 కిలోవోల్టుల డీసీ. సిగ్నల్ పద్ధతి వేరు, నిబంధనల పుస్తకం వేరు, లోకో పైలట్ మాట్లాడవలసిన భాష వేరు. కొండ కింద సుమారు 55 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు గాని, ఈ తేడాలను సొరంగం తొలగించదు.

భాష గురించి ఒక పేరా విడిగా రాయండి, ఎందుకంటే దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. యూరప్ నిబంధనల ప్రకారం లోకో పైలట్‌కు తాను నడిపే లైను యాజమాన్యం వాడే భాష బి1 స్థాయిలో (భాషా ప్రావీణ్యపు యూరప్ కొలమానంలో మధ్యస్థ స్థాయి) వచ్చి ఉండాలి. విమానాల్లో ఇంగ్లీషులా ఇక్కడ అందరికీ ఉమ్మడి భాష లేదు. దీని ఫలితం 2017లో తెలిసివచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 12న జర్మనీలోని రాష్టాట్ దగ్గర సొరంగం పనుల్లో పైనున్న పట్టాలు కుంగిపోయి, రైన్ లోయ మెయిన్‌లైను అక్టోబరు 2 దాకా మూతపడింది. పక్కనే ఫ్రాన్స్‌లో మరో దారి ఉంది. అయినా ఫ్రెంచి తెలిసి ఆ దారి పరిచయమున్న లోకో పైలట్లు, అక్కడ నడిచే అనుమతి ఉన్న ఇంజన్లు చాలినన్ని లేక ఎన్నో గూడ్సు బళ్లు కదలలేదు. సంస్కరణలను కేవలం డబ్బు, యాజమాన్యాల వ్యవహారంగా చూసే పాఠకుడికి ఈ ఒక్క సంఘటన చాలు.

ఇప్పుడు చట్టాలకు రండి. మీరు రాసుకున్న ప్రతి అడ్డంకి ఎదురుగా దాన్ని ఉద్దేశించిన చట్టాన్ని పెట్టండి. రెండో ప్యాకేజీతో 2004లో ఏర్పడిన యూరోపియన్ రైల్వే ఏజెన్సీ ఫ్రాన్స్‌లోని వాలెన్సియెన్‌లో ఉంది. ఇంజన్లు, వ్యాగన్లు, సిగ్నళ్లు అన్ని దేశాల్లో పనిచేసేందుకు కావలసిన సాంకేతిక నిర్దేశాలను రూపొందించేది ఇదే. పూర్వం ఒక ఇంజను ఐదు దేశాల్లో నడవాలంటే ఒక్కో దేశం దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. 2016 నాటి నాలుగో ప్యాకేజీ ఈ అధికారాన్ని చాలావరకు ఏజెన్సీకి అప్పగించింది. లోకో పైలట్ లైసెన్సు, ప్రయాణికుల హక్కులు 2007 ప్యాకేజీలోవి. సిగ్నళ్లకు జవాబు ఈటీసీఎస్ అనే ఉమ్మడి రైలు రక్షణ వ్యవస్థ. మన రైల్వేల రక్షణ వ్యవస్థ కవచ్ తెలిసినవారికి దీని ఉద్దేశం సులభంగా అర్థమవుతుంది: ఎంత దూరం, ఎంత వేగంతో వెళ్లవచ్చో ఇంజను క్యాబ్‌లోనే చూపి, మీరితే బ్రేకు వేస్తుంది. అయితే వేర్వేరు దేశాలు దీని వేర్వేరు వెర్షన్లు అమర్చుకున్నాయి. ఈ సంగతి రాయకపోతే మీ రిపోర్టు ప్రచార పత్రంలా ఉంటుంది.

సంస్కరణ, ఏకీకరణ అనే రెండింటినీ కలిపేయకండి. పట్టాలు ఎవరి చేతిలో ఉండాలి, బళ్లు ఎవరు నడపాలి అనేది సంస్కరణ. బండి సరిహద్దు దాటేలా దేశాల నిబంధనలను, సాంకేతిక పద్ధతులను ఒకటి చేయడం ఏకీకరణ. స్వీడన్ 1988లోనే పట్టాలను బళ్లు నడిపే సంస్థ నుంచి విడదీసింది. 1991 డైరెక్టివ్ కనీసం లెక్కలైనా విడిగా ఉండాలని సభ్యదేశాలన్నిటికీ చెప్పింది. జర్మనీ 1994లో తూర్పు, పశ్చిమ రైల్వేలను కలిపి, పట్టాలను ఆ సంస్థ కిందే ఉంచింది. ఫ్రాన్స్ 1997లో విడదీసి, 2015లో తిరిగి ఒకే గొడుగు కిందికి తెచ్చింది. బ్రిటన్ 1993 చట్టంతో అన్నీ ప్రైవేటుకు ఇచ్చి, పట్టాల కంపెనీ 2001లో కుప్పకూలాక వాటిని మరుసటి ఏడాది వాటాదారులకు లాభాలు పంచని నెట్‌వర్క్ రైల్ అనే సంస్థకు అప్పగించింది. బ్రిటన్ ఉదాహరణ ఒక్కటే చూసి యూరప్ అంతటి మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

పోటీ వల్ల మేలు జరిగిన చోట అది జరిగిందని రాయాలి. ఇటలీలో 2012 నుంచి ఇటాలో అనే ప్రైవేటు సంస్థ, స్పెయిన్‌లో 2021 నుంచి ఉయిగో, 2022 నుంచి ఇర్యో హైస్పీడు బళ్లు నడుపుతున్నాయి. ప్రయాణికుడికి ఎంపిక పెరిగింది. కాని ఉయిగో ఫ్రెంచి ప్రభుత్వ రైల్వే అనుబంధ సంస్థ. ఇర్యోలో ఇటలీ ప్రభుత్వ రైల్వేకు వాటా ఉంది. పైగా ఈ పోటీ ఎక్కువగా ఒక దేశం లోపలి లాభసాటి దారుల్లోనే సాగుతోంది. సరిహద్దు దాటించడానికి పోటీ కంటే ఉమ్మడి నిబంధనలే ముఖ్యమని నా అభిప్రాయం. మీరు ఏకీభవించకపోతే, సరిహద్దు బళ్ల టైంటేబుల్ చూపి వాదించండి.

టికెట్ల భాగం చిన్నదైనా వదలవద్దు. గంటకు పైగా ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడిగే హక్కు అక్కడి ప్రయాణికుడికి ఉంది. కాని రెండు కంపెనీల దగ్గర విడివిడిగా టికెట్లు కొంటే, మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ రక్షణ సాధారణంగా అందదు. ఆముదాలవలసలో కొన్న ఒకే టికెట్‌తో దేశమంతా తిరిగే మనకు ఇది వింతగా తోస్తుంది.

ఆధారాల కోసం యూరోపియన్ యూనియన్ చట్టాలన్నీ ఉచితంగా దొరికే యూర్-లెక్స్ వెబ్‌సైటులో 2012/34 డైరెక్టివ్ ముందుమాట చదవండి. ఉద్దేశాలన్నీ అక్కడే ఉంటాయి. లైన్లవారీ గేజ్, కరెంటు, సిగ్నల్ వివరాలకు రైల్వే ఏజెన్సీ నడిపే మౌలిక సదుపాయాల రిజిస్టరు ఉంది. భారతదేశంతో పోల్చే అధ్యాయానికి భారతీయ రైల్వేలపై రాకేశ్ మోహన్ బృందం 2001 నివేదిక, వివేక్ దేబ్రాయ్ కమిటీ 2015 నివేదిక చూడండి. యూరప్ రవాణా ప్రణాళికలోని 2030, 2040, 2050 సంవత్సరాలు లక్ష్యాలు మాత్రమే. రైల్ బాల్టికాకు చెప్పే 2030 కూడా అంతే. రిపోర్టులో వాటిని “లక్ష్యం” అన్న మాటతోనే రాయండి, పూర్తయిన లైన్ల జాబితాలో చేర్చకండి.